తాడు లాగిన పొద్దు

ఆళ్లగడ్డలో ఆ హైస్కూలు సర్కారుది కాదు. నలుగురు పెద్ద రైతులు కలిసి పెట్టి, ఒక కమిటీగా ఏర్పడి నడుపుకుంటున్న బడి. జ్ఞానప్రకాశం అందులో డ్రిల్లు మాస్టరు. 1974 నాటికి ఆయన అక్కడ చేరి పదకొండేళ్లయింది. వారానికి రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్లో ఆయన పేరు మీద ఉండేవి. పదో తరగతి పరీక్షల పేరు చెప్పి ఒకదాన్ని లెక్కల మాస్టరు, ఇంకోదాన్ని ఇంగ్లీషు మాస్టరు తీసుకునేవారు. పొద్దున ప్రార్థనకు పిల్లల్ని వరసలో నిలబెట్టడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపడం, బంట్రోతు కొండయ్య రాని రోజు గంట కొట్టడం, ఇవే ఆయనకు మిగిలిన పనులు. ఆటసామాన్ల గదిలో గాలి లేని ఫుట్‌బాళ్లు రెండు, చెదలు తిన్న హాకీ కర్రలు కొన్ని ఉండేవి.

వయసులో ఉన్నప్పుడు ఆయన అరమైలు పరుగులో జిల్లాకు రెండోవాడిగా వచ్చాడు. మద్రాసులో ట్రైనింగు అయ్యాడు. ఇప్పుడు నలభై ఏళ్లు. పొట్ట వచ్చింది. బస్సు కదిలిపోతుంటే వెంట పరుగెత్తే బదులు తర్వాతి బస్సు కోసం కూర్చునేవాడు. దాని గురించి ఆయనకు పెద్ద బాధేమీ లేదు. జీతం వస్తోంది. భార్య సరోజమ్మ రుద్రవరం ఆసుపత్రిలో నర్సు. ఇల్లు గడుస్తోంది.

ఆ ఏడు శ్రావణంలో నంద్యాల నుంచి ఒక జపాను అతను ఆళ్లగడ్డకు వచ్చాడు. వయసు ఇరవై ఆరు. చేత్తో నడిపే చిన్న దున్నే యంత్రాన్ని, వరసల్లో వరినాటు వేసే పద్ధతిని రైతులకు నేర్పడానికి వాళ్ల దేశం వాళ్లు రెండేళ్ల కోసం పంపించారు. పేరు హిరోషి. నంద్యాల దగ్గర ఫారంలో కూలీల నోట్లో పడి అది వారంలో ఈరేశి అయింది. నెల తిరిగేసరికి ఈరేశప్ప అయింది. తెలుగు ఆ కూలీల దగ్గరే నేర్చుకున్నాడు. పుస్తకాల తెలుగు ఒక్క ముక్క రాదు. పొద్దున్నే నిక్కరు వేసుకుని కాలువ గట్టు మీద పరుగెత్తేవాడు. మొదటి రోజు ఎవరో తరుముతున్నారనుకుని గొర్రెల కాపరులు కర్రలు ఎత్తుకుని అతన్ని కాపాడడానికి పోయారట.

ఆళ్లగడ్డలో అతను నాటు నేర్పించింది నారాయణ పొలంలో. నారాయణ తాతల నాటి నుంచి భూమి ఉన్న ఇంటివాడు, బడి కమిటీకి ప్రెసిడెంటు. వచ్చినవాడికి నాటు పని అయ్యేదాకా ఉండడానికి బడిలోనే ఒక గది ఇప్పించి, ఇంగ్లీషు వచ్చిన మనిషి ఎవరన్నా చూసుకోండని హెడ్మాస్టరుకు చెప్పి పంపాడు. హెడ్మాస్టరు రామయ్య ఆ పని తీరిక ఉన్న మనిషికి, అంటే జ్ఞానప్రకాశానికి అప్పగించాడు.

మొదటి సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ హిరోషి అడిగాడు.

"సార్, మీరు ఏం పని చేస్తాండారు?"

"డ్రిల్లు మాస్టరును."

హిరోషికి అర్థం కాలేదు. జ్ఞానప్రకాశం గ్లాసు కింద పెట్టి, లేచి, రెండు చేతులూ పైకెత్తి, పక్కలకు చాపి, వంగి కాళ్లు తాకబోయి, అందక మానుకున్నాడు. హిరోషి మొహం వెలిగింది.

"మా దేశంలో మీకు పండగ ఉండాది సార్!"

"నాకా?"

"మీకే. అక్టోబరు పది. దేశమంతా సెలవు. ఆఫీసులు బందు. అందరూ ఆడతారు. ముసిలోళ్లు గూడా. మా నాయిన పరుగెత్తుతాడు. పడతాడు. అందరం నవ్వుతాం."

పదేళ్ల కిందట టోక్యోలో ఒలింపిక్ ఆటలు మొదలైంది ఆ తేదీనే. అప్పుడు హిరోషికి పదహారేళ్లు. బడిలో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు బడి పిల్లలంతా కూర్చుని చూశారు. తర్వాత రెండేళ్లకు ఆ రోజును ఆటలకు, ఆరోగ్యానికి పండగగా చేసి ప్రభుత్వం సెలవిచ్చింది. ఊరూరా మైదానంలో చేరి ఎర్రవాళ్లు, తెల్లవాళ్లు అని రెండు జట్లుగా విడిపోయి సాయంత్రం దాకా ఆడతారని హిరోషి చెప్పాడు. ఎర్ర, తెల్ల అంటే తలకు కట్టుకునే గుడ్డ రంగు అని కూడా చెప్పాడు, లేకపోతే జ్ఞానప్రకాశం ఇంకోలా అనుకునేవాడు.

ఆ మాట ఆయనలో కొన్నాళ్లు తిరిగింది. దేవుళ్లకు సెలవులున్నాయి, నాయకులకు ఉన్నాయి. ఒంటికి సెలవివ్వడం ఆయన ఎక్కడా వినలేదు. సరోజమ్మకు చెబితే ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా అంది.

"పండగ వాళ్లది. మీకెందుకీ ఆరాటం?"

"ఒక్క రోజు చేసి చూద్దామని."

"చేస్తే చేయండి. ముందు ఆ కాళ్లు అందుకోను నేర్చుకోండి."

ఏడాదికి మూడు రోజులు హెడ్మాస్టరు తన ఇష్టప్రకారం సెలవివ్వచ్చు. ఆ ఏడు ఒకటి మిగిలి ఉంది. జ్ఞానప్రకాశం అర్జీ రాసుకుని పోతే రామయ్య రెండుసార్లు చదివాడు.

"అక్టోబరు పది గురువారం. సరే, ఇస్తా. అయితే ఒక మాట. సెలవంటే సెలవే జ్ఞానప్రకాశం. రావాలని పిల్లోళ్లను నేను బలవంతం చేయను. వస్తే ఆడించుకో."

తొమ్మిదో తేదీ ప్రార్థనలో సెలవు ప్రకటించగానే పిల్లలు పెట్టిన కేకకు గోడ మీది పావురాలు లేచిపోయాయి. తర్వాత జ్ఞానప్రకాశం చెప్పిన ఆటల సంగతి ఎవరికి వినపడిందో తెలియదు. ఆయనకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఆ పూట సంతోషంగా అనిపించింది. మధ్యాహ్నం నుంచి కొండయ్యను వెంట పెట్టుకుని మైదానంలో గడ్డి చెక్కించాడు, సున్నంతో గీతలు గీశాడు, రెండు వెదురు బుట్టలు తెచ్చి పొడుగాటి కట్టెలకు కట్టి నిలబెట్టాడు.

పదో తేదీ పొద్దున మొదటి బస్సుకు హిరోషి నంద్యాల నుంచి దిగాడు. భుజాన నూరడుగుల మోకు చుట్ట, చేతిలో గోనెసంచి. సంచి నిండా ఎర్ర గుడ్డతో, తెల్ల గుడ్డతో కుట్టి ఊక నింపిన బంతులు, ఒక్కోటి జామకాయంత. ఫారంలో కూలీల చేత నెల రోజులుగా కుట్టించాడు.

ఎనిమిదయింది. ఎవరూ రాలేదు. ఎనిమిదిన్నరకు నలుగురు పిల్లలు వచ్చి గేటు దగ్గర నిలబడి జపాను మనిషిని చూసి, కాసేపు గుసగుసలాడుకుని వెళ్లిపోయారు. తొమ్మిదైనా అంతే. వేరుసెనగ కోతల కాలం. సగం మంది పిల్లలు పొలాలకు పోయారు. మిగిలినవాళ్లు సెలవు దొరికిందని చెరువు కిందికి, చుట్టాల ఊళ్లకు పోయారు. ఆటలకని ఇచ్చిన సెలవే మైదానాన్ని ఖాళీ చేసింది. ఈ సంగతి రామయ్యకు ముందే తెలుసని అప్పుడు జ్ఞానప్రకాశానికి తట్టింది. మెడలో వేలాడుతున్న విజిలును ఆయన చొక్కా లోపలికి వేసుకున్నాడు. హిరోషి మొహం చూడాలంటే సిగ్గేసింది. హిరోషి మాత్రం కొండయ్యతో పందెం పెట్టుకుని బుట్టలోకి బంతులు విసురుతున్నాడు.

ఆ వేళకు తూర్పు గేటు నుంచి కూలి ఆడవాళ్లు వచ్చారు. పన్నెండు మంది. బడి వెనక నారాయణ వేరుసెనగ చేను ఉంది. మైదానానికి అడ్డం పడి పోతే దగ్గర. ఆ ముఠాను ముందుండి నడిపించే మనిషి నరసింహమ్మ. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, గట్టిగా ఉంటుంది. ఎవరి చేలో ఎంతమంది పోవాలో, ఎప్పుడు లేవాలో ఆమె మాట మీదే జరుగుతుంది. సున్నపు గీతల దగ్గర ఆగి చూసింది.

"ఏం సార్, బడి లేదా ఈ పొద్దు? ముగ్గులేస్తాండారు?"

"సెలవు నరసింహమ్మా. ఆటల పండగ."

"యాడి పండగ?"

హిరోషి అందుకున్నాడు. "మాది అమ్మా. ఆడాల. ఒళ్లు బాగుంటాది."

"మా ఒంటికేమప్పా, బాగానే ఉండాది. పొద్దంతా వంగి పీకేదే మాకు ఆట." ఆమె వెనకవాళ్లు నవ్వారు. అయినా కదల్లేదు. కట్టె మీది బుట్టను చూస్తూ లింగమ్మ అనే పడుచు అడిగింది. "ఆ గంపలో ఏమేస్తారు?"

హిరోషి ఆమె చేతిలో ఒక ఎర్ర బంతి పెట్టాడు. లింగమ్మ సద్ది గిన్నె కింద పెట్టి విసిరింది. బంతి నేరుగా బుట్టలో పడింది. ఇంకోటి అడిగింది. అదీ పడింది. అంతే, పన్నెండు మందీ గిన్నెలు దించారు. ఆరుగురు ఎర్ర బంతులు, ఆరుగురు తెల్ల బంతులు. జ్ఞానప్రకాశం చొక్కాలోంచి విజిలు తీసి ఊదాడు. పదకొండేళ్లలో ఆ మైదానంలో అంత గోల ఆయన వినలేదు. వంగి ఏరుకోవడంలో వాళ్లకు సాటి లేదు. బంతి నేల మీద పడీ పడకముందే చేతిలో ఉండేది. ఎర్ర జట్టు మూడు బంతుల తేడాతో గెలిచింది. తెల్ల జట్టువాళ్లు లెక్క తప్పన్నారు. మళ్లీ లెక్కపెట్టాల్సి వచ్చింది.

రెండో ఆట మధ్యలో రాజదూత్ మోటారుసైకిలు చప్పుడైంది. నారాయణ వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, బలమైన ఒళ్లు. వయసులో ఉగాదినాడు గుండ్లెత్తే పందేల్లో పేరున్నవాడు. బండి ఆపి, దిగకుండానే అన్నాడు.

"ఏందిది? తొమ్మిదిన్నర అయితాంది. వేరుసెనగ బుడ్డలు ఎవరు పీకాల?"

ఆడవాళ్లు బంతులు వదిలేసి గిన్నెలు ఎత్తుకున్నారు. జ్ఞానప్రకాశం ఏదో సర్దిచెప్పబోయాడు. ఈలోగా హిరోషి మోకు కొస పట్టుకుని పోయి, నడుం వంచి దండం పెట్టి, రెండు చేతులతో నారాయణ ముందు చాపాడు.

"నారాయణప్పా, రాండి. లాగుదాం."

నారాయణకు అతనంటే ఇష్టం. నవ్వాడు. "ఎవరితో లాగాల? నీతోనా?"

"నాతో కాదు. వాళ్లతో."

"ఆడోళ్లతోనా!" అని నారాయణ ఇంకా గట్టిగా నవ్వాడు. నరసింహమ్మ గిన్నె సంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"పిల్లోళ్లకు సెలవు, సార్లకు సెలవు. ఈరేశప్ప దేశంలో అందరికీ సెలవంట. మాకేంది?" అంది. "మేం లాగితే ఈ పొద్దు మాకూ సెలవియ్యి, చూద్దాం. కూలి మటుకు కట్ చేయకు."

ఆ మాట ఆమె నవ్వులాటకే అని ఉండచ్చు. కానీ నారాయణ బండి దిగి స్టాండు వేశాడు. చేలో ఉన్న తన జీతగాళ్లను ఏడుగురిని కేకేసి పిలిపించాడు. తనతో ఎనిమిది మంది. అటు పన్నెండు మంది. మూడు సార్లు లాగాలి, రెండు సార్లు గెలిచినవాళ్లది గెలుపు. జడ్జి డ్రిల్లు మాస్టరు.

మొదటిసారి మగవాళ్లు ఊపిరి పీల్చినంతసేపట్లో లాగేశారు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. నారాయణ మీసం మీద చేయి వేసుకుని బండి వైపు చూశాడు. హిరోషి పోయి ఆడవాళ్ల మధ్య నిలబడి, ఒకరి కాళ్లు ఎడంగా పెట్టించి, ఒకరి నడుం వెనక్కి వంచి, అందరూ ఒకేసారి లాగడానికి వాళ్ల దేశంలో అనే కూత నేర్పించాడు. "ఓ... యెస్. ఓ... యెస్." ముఠాలో సగం మంది చర్చికి పోయేవాళ్లు. వాళ్ల నోట అది "ఓ... యేసు" అయింది. మిగిలినవాళ్లూ అదే పట్టుకున్నారు.

"ఇది తాడాటనా, ప్రార్థననా?" అన్నాడు నారాయణ.

జ్ఞానప్రకాశం నవ్వు ఆపుకుని విజిలు ఊదాడు. ఈసారి తాడు కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. తర్వాత నరసింహమ్మ కూతకు ఒక్కో జానెడు అటు జరుగుతూ పోయింది. మగవాళ్లకు బలం ఉంది గాని ఎవరికి వారు లాగుతున్నారు. పొద్దు పొడిచింది మొదలు వరసగా ఒకే ఊపున వంగి లేచే పని ఆడవాళ్లది. ఎర్ర గుడ్డ కట్టిన నడిమి ముడి గీత దాటింది. కొండయ్య ఎగిరి గంతేసి, నారాయణ చూశాడని తెలిసి, దగ్గాడు.

మూడోసారికి మగవాళ్లు చోటు మార్చుకుంటామన్నారు. ఎండ కళ్లల్లో పడుతోందన్నారు. తూర్పు వైపు పోయారు. అటు ఫుట్‌బాల్ గోలు కంబం ఉంది. తాడు చివర నారాయణ నిలబడ్డాడు. విజిలు మోగింది. "ఓ... యేసు" మొదలయింది. తాడు ఇంచు కూడా రాలేదు. ఆడవాళ్ల కాళ్ల కింద మట్టి లేచిపోతోంది. లింగమ్మ చేతులు ఎర్రగా కందిపోయాయి. నరసింహమ్మ మెడనరాలు తేలాయి. తాడు రాయికి కట్టినట్టుంది.

జ్ఞానప్రకాశం గీత దగ్గర నుంచి కళ్లెత్తి తాడు వెంబడి చివరి దాకా చూశాడు. కొస గోలు కంబానికి రెండు చుట్లు తిరిగి ఉంది. నారాయణ ఆ చుట్ల మీద చేయి వేసి ఊరికే నిలబడి ఉన్నాడు. ఆడవాళ్లు అలిసిపోగానే చుట్లు విప్పి లాగితే సరిపోతుంది.

అదంతా చూడడానికి రెండు క్షణాలు పట్టింది. తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఆయన ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయాడు. తన నెల జీతం మీద సంతకం పెట్టే చేయి ఆ కంబం మీద ఉంది. మిగిలినవాళ్లెవరూ చూడలేదు, కనీసం చూసినట్టు కనపడలేదు. గీత వైపు తల దించుకుంటే చాలు. ఆయన విజిలు నోట్లో పెట్టుకుని గట్టిగా, పొడుగ్గా ఊదాడు.

"ఫౌలు!"

తాడు వదులైంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"ఏందీ?" అన్నాడు నారాయణ.

"తాడు కంబానికి చుట్టినారు నారాయణప్పా. ఫౌలు. గెలుపు ఆడోళ్లది."

"ఎవరు చుట్టినారు?"

"కడాన మీరే ఉండారు."

జీతగాళ్లు ఏడుగురూ నేల చూపులు చూశారు. నారాయణ కంబం నుంచి తాడు ఒక్కో చుట్టే విప్పాడు. కింద పడేసి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మొహంలో కోపం ఉన్నట్టు కూడా లేదు. బండి దగ్గరికి నడిచిపోయి, స్టార్టు చేసి, నరసింహమ్మ వైపు తిరిగాడు.

"సెలవు పొండి" అన్నాడు. వెళ్లిపోయాడు.

జ్ఞానప్రకాశం సున్నపు గీత పక్కనే కూర్చున్నాడు. హిరోషి వచ్చి ఆయన చేయి పట్టుకుని ఊపి, తన భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆయన అడగలేదు.

సెలవు దొరికిన పన్నెండు మందికీ దాంతో ఏం చేయాలో వెంటనే తోచలేదు. ముగ్గురు బట్టలు ఉతుక్కోవాలని ఇంటికి పోయారు. ఇద్దరు గింజలు పట్టించాలని పోయారు. నరసింహమ్మ బడి వరండాలో గోడకు ఆనుకుని, కొంగు మొహం మీద కప్పుకుని, పట్టపగలు నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం తాము ఎన్నడూ చూడలేదని మిగిలినవాళ్లు అన్నారు. లింగమ్మ చీర ఎగజెక్కి నూరు గజాల పరుగులో అందరికన్నా ముందు వచ్చింది.

"ఇప్పుడేం చేయాల సార్?"

"ఏం లేదు. గెలిచినావు."

"అంతేనా?" అని మళ్లీ మొదటికి నడిచిపోయి, ఈసారి పక్కన ఎవరూ లేకుండా ఒక్కతే పరుగెత్తింది.

నారాయణ ఆ రోజు ఆడవాళ్ల కూలి తగ్గించలేదు. మర్నాడు వాళ్లు ఎప్పటిలాగే ఆయన చేలో వేరుసెనగ పీకారు. నవంబరు ఆఖరులో బడి కమిటీ కూర్చుంది. డ్రిల్లు మాస్టరు ఉద్యోగం బడికి అవసరం లేదని తీర్మానించింది. కాగితం రామయ్య చదివి వినిపించాడు.

"నేను మూడుసార్లు చెప్పి చూసినా" అన్నాడు రామయ్య. "నువ్వు ఆ పొద్దు అటు తిరిగి నిలబడింటే సరిపోయుండు."

"జడ్జిని నేనే కద సార్. ఎటు తిరగాల?"

రామయ్య కాగితం మడిచి కవరులో పెట్టి ఇచ్చాడు. ఇంటికి పోయి సరోజమ్మకు చెప్పాడు. ఆమె అన్నం పెడుతూ అంది.

"ఊదకుంటే బాగుండు అని నేను అననులే. ఊదినారు, అయిపోయింది. రేపటి నుంచి పిలకాయలను బడికి పంపే పని మీది. నాకు బస్సు టైమవుతాది."

ఏడాదిన్నర ఆయన ఇంట్లో ఉన్నాడు. వంట నేర్చుకున్నాడు. ఊదినందుకు గర్వపడిన రోజులున్నాయి, పశ్చాత్తాపపడిన రోజులు అంతకంటే ఎక్కువే. హిరోషి పక్కన లేకుంటే, బయటి దేశం మనిషి చూస్తున్నాడనే సిగ్గు లేకుంటే, ఆ విజిలు ఊదేవాణ్ణా అని తనను తాను ప్రశ్నించుకునేవాడు. జవాబు తెలిసేది కాదు. హిరోషి మరుసటి వేసవిలో వాళ్ల దేశం పోయాడు. పోయే ముందు వచ్చి, తనవల్లే ఉద్యోగం పోయిందని తల వంచి నిలబడితే, జ్ఞానప్రకాశం అతన్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టాడు.

1976లో సంజామలలో ఒక హాస్టలు వాళ్లు ఆయన్ను వార్డెనుగా తీసుకున్నారు. అక్కడ ఆయన పీరియడు తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. తెల్లారి ఆరు గంటలకు పిల్లల్ని లేపి మైలు దూరం పరుగెత్తించేవాడు. మొదటి వారం వెనక సైకిలు మీద పోయాడు. రెండో వారం సైకిలుకు పంక్చరైంది. పరుగెత్తాడు, దగ్గాడు, ఆగాడు, మళ్లీ పరుగెత్తాడు. రెండేళ్లకు పొట్ట తగ్గింది. ఏటా అక్టోబరు పదో తేదీన పిల్లలకు ఉదయం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేయించి, మధ్యాహ్నం దాకా ఆటలు పెట్టేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే జపానులో పండగ అని చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయనకు అంతకంటే వివరించాలనిపించేది కాదు.

సరోజమ్మకు నంద్యాలకు బదిలీ కావడంతో 1982లో కాపురం అక్కడికి మారింది. ఆయన ఒక చిన్న బడిలో చేరాడు. పొద్దున్నే కాలువ గట్టు మీద నడక అలవాటైంది.

1983 చలికాలంలో ఒక పొద్దున గట్టు మీద ఎదురుగా కర్ర పట్టుకుని ఒక పెద్దమనిషి మెల్లగా వస్తున్నాడు. దగ్గరికి వచ్చేదాకా జ్ఞానప్రకాశం గుర్తుపట్టలేదు. మనిషి సగమయ్యాడు. నారాయణ. షుగరు జబ్బు ముదిరి కాలి వేలు ఒకటి తీసేశారు. నంద్యాలలో కూతురి ఇంట్లో ఉండి వైద్యం చేయించుకుంటున్నాడు. రోజూ నడవకపోతే పాదం కూడా దక్కదని డాక్టరు చెప్పాడట.

"ఎంత నడుస్తాండారు?"

"ఈ మలుపు దాకా. ఆడికే రొప్పొస్తాంది."

"అంత బేగ నడిస్తే రాదా మరి. నాతో రాండి."

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి నడిచారు. ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎట్లా తీయాలో జ్ఞానప్రకాశం చెప్పేవాడు. నారాయణ వినేవాడు. పంటల సంగతి, పిల్లల పెళ్లిళ్ల సంగతి మాట్లాడుకునేవాళ్లు. నరసింహమ్మ రెండేళ్ల కిందట పోయిందని నారాయణే చెప్పాడు. లింగమ్మ ఇప్పుడు ముఠాకు ముందుండి నడిపిస్తోందట, ఆమెతో బేరం కష్టమట. బడి మాట ఇద్దరూ ఎత్తలేదు. జ్ఞానప్రకాశం కోపం కోసం తనలో వెదుక్కున్నాడు. కొంచెం దొరికింది, కానీ కుంటుతున్న మనిషి పక్కన నడుస్తూ దాన్ని పట్టుకుని ఉండడం కష్టమైంది.

మూడో వారంలో, కాలువ లాకు కనిపించే చోట, నారాయణ హఠాత్తుగా ఆగాడు.

"సారూ, ఆ పొద్దు నేను తాడు కంబానికి చుట్టకపోయింటే ఆడోళ్లు లాగింటారంటావా?"

జ్ఞానప్రకాశం కూడా ఆగాడు. మర్యాద కోసం ఇంకో జవాబు చెప్పచ్చు.

"లాగింటారు" అన్నాడు.

నారాయణ నాలుగడుగులు నడిచాడు.

"నాకూ అట్లనే అనిపిచ్చింది. అందుకే చుట్టినా."

నీళ్ల మీద పొగమంచు ఇంకా పోలేదు. ఇద్దరూ లాకు దాకా పోయారు. వెనక్కి తిరిగేటప్పుడు నారాయణ, కమిటీలో ఇంకా తన మాట నడుస్తుందని, మళ్లీ ఆళ్లగడ్డకు వస్తే బడిలో చోటు ఇప్పిస్తానని అన్నాడు. జ్ఞానప్రకాశం వద్దన్నాడు. సరోజమ్మ ఉద్యోగం ఇక్కడ, పిల్లల చదువులు ఇక్కడ, తనకు ఈ గట్టు అలవాటైంది అన్నాడు. నారాయణ రెండోసారి అడగలేదు.

ఆ చలికాలమంతా నారాయణ నడిచాడు. మాఘం వచ్చేసరికి లాకు దాటి అవతలి వంతెన దాకా పోగలిగాడు. పాదం దక్కింది. మిరప కోతలకని ఆళ్లగడ్డకు వెళ్లిపోయే ముందు రోజు కూడా వచ్చాడు. వంతెన దగ్గర నారాయణ రాతి మీద కూర్చుని చెప్పులు విప్పి, మిగిలిన వేళ్లను ఒక్కొక్కటే ఒత్తి చూసుకున్నాడు. స్పర్శ తెలుస్తోందన్నాడు. జ్ఞానప్రకాశం చేయి అందించి లేపాడు.